ఎడమ కన్ను నంబరు 714

కుక్క వచ్చింది ఒక్కసారే. రాజసభ సీను నడుస్తుండగా ఎడమ పక్క నుంచి వచ్చి, మంత్రి వంకా సేనాపతి వంకా చూసి, సింహాసనం కాలు దగ్గర ఆగి తన పని కానిచ్చుకుని, కుడి పక్క నుంచి వెళ్లిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఏడాది వేములదిన్నె పురపాలక రంగమందిరంలో జరిగిన పద్యనాటకాల పోటీల్లో మనస్ఫూర్తిగా పడ్డ చప్పట్లు అవేనని జాలయ్య అంటుంటాడు. ఆ చప్పట్లు వచ్చి తన వీపుకే తగులుతాయని మాత్రం అప్పుడు అనుకోలేదు.

జాలయ్య ఆ రంగమందిరం వెనక గుమ్మానికి కాపలాదారు. ఇరవై రెండేళ్లుగా దినకూలీ. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. తను బడిని వదిలాడా, బడే తనని వదిలించుకుందా అన్నది ఇప్పుడు తేలే సంగతి కాదు. ఆ గుమ్మంలోంచి పోయే ప్రతి నటుణ్ణీ తల ఎత్తకుండా దగ్గును బట్టి పోల్చుకోగలడు. ఆ విద్యకు సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్లు లేరు గనక అది విద్య కిందికి రాలేదు. కుక్క వచ్చిన టైముకి అతను ఎదురు హోటల్లో టీ తాగుతున్నాడు. గుమ్మంలో ఉన్నా ఏం పొడిచేవాడో చెప్పలేం. కుక్క దగ్గలేదు.

మర్నాడు విచారణ. రంగమందిరానికి కొత్తగా వచ్చిన కార్యనిర్వహణాధికారి సుధాకరమూర్తి గారు పదిహేడేళ్లు గోదాముల శాఖలో పనిచేసి, ఎవరి మీదో కోపంతో ఎవరో బదిలీ చేస్తే కళల్లోకి వచ్చి పడ్డారు.

"అనధికార ప్రవేశం జరిగినదా, లేదా?" అన్నారాయన.

"కుక్కండీ."

"ప్రవేశించినది ఏమిటన్నది అనుబంధ విషయం. ప్రవేశం జరిగినదా?"

"జరిగిందండి."

"నిరోధించవలసిన వారు?"

అక్కడ 'తప్పయిపోయిందండీ' అని ఊరుకుంటే రెండు రోజుల కూలీ కోతతో పోయేది. కానీ జాలయ్యకు దేవుడు నోరిచ్చాడు, దానికి తలుపివ్వలేదు. ఊరందరి గుమ్మాలూ కాయగలడు గాని ఆ ఒక్కటీ కాయలేడు.

"ఏం చేయమంటారండీ, లోపలికి పోయేవాళ్లలో ఎవరు మనవాళ్లో ఎవరు కాదో తెలిసి చావదు. మెడలో ఒక బ్యాడ్జీ లాంటిది ఏదన్నా ఉంటే..."

అబద్ధం. అందరూ తెలుసు. కుక్క కూడా తెలుసు, హోటలు వాడిది.

సుధాకరమూర్తి గారి మొహం వెలిగింది. కళల్లోకి వచ్చాక ఆయనకు అర్థమైన మొదటి మాట అదే.

"భేషయ్యా! నేను పదిహేడేళ్లు గోదాములు చూశాను. బస్తాలో వడ్లున్నాయా ఊకుందా అని ఏనాడూ విప్పి చూడలేదు. పైన చీటీ ఉందా, చీటీ మీద నంబరుందా, అంతే. నా మీద ఒక్క రిమార్కు లేదు."

అలా, కుక్క వచ్చింది గనక మనుషులకు బ్యాడ్జీలు పెట్టాలని తీర్మానమైంది. ఆ కాయితం అడుగున జాలయ్య గురించి రెండు వాక్యాలున్నాయి. వచ్చే పోటీల్లో అనధికార ప్రవేశం ఒక్కటి జరిగినా సదరు కాపలాదారును తొలగించవలెను. ఒక్కటీ జరగనిచో, అతనిని పర్మినెంటు చేయుటకు సిఫారసుతో ఫైలు పైకి పంపవలెను. ఇరవై రెండేళ్లుగా ఆ ఫైలు కదల్లేదు. కుక్క కాలెత్తితే కదిలింది.

మళ్లీ పోటీలు దగ్గరపడ్డాక బ్యాడ్జీల ఎంపికకు కమిటీ కూర్చుంది. కమిటీ అంటే అధికారి గారు, ఆయన కుర్చీ. సలహా ఇచ్చినవాడు గనక జాలయ్యను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. ప్రెస్సు దానియేలు నమూనాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. మొదటిది ఇత్తడిది, పేరు చెక్కింది. నమూనాకి ఏదో ఒక పేరుండాలి గదా అని దానియేలు 'జాలయ్య' అనే చెక్కి తెచ్చాడు. ఇరవై రెండేళ్లలో రంగమందిరంలో అతన్ని 'ఏయ్ గుమ్మం' అని తప్ప పిలిచినవాళ్లు తక్కువ. అధికారి గారు అటు తిరిగినప్పుడు జాలయ్య దాన్ని చొక్కా మీద ఆనించుకుని అద్దాల బీరువాలో చూసుకున్నాడు. మున్సిపల్ చైర్మన్‌లా కనిపించాడు, తనకి.

"ఇది సంస్థ భరించగలదా?" అన్నారు అధికారి గారు. దానియేలు రేటు చెప్పాడు. ఇత్తడి పక్కకు పోయింది.

రెండోది ప్లాస్టిక్ కార్డు, ఫొటోతో, మెడకి తాడుతో. "ఇంతకంటే సరసమైనది?" మూడోది గుడ్డ రిబ్బను. "ఇంతకంటే?" నాలుగోది అట్టముక్క, గుండుసూది. "ఇంతకంటే?"

దానియేలుకి ఒళ్లు మండింది. "ఇంతకంటే చౌకంటే మా కొట్లో ఒక గోనెసంచి మూలుగుతోందండీ. ఊరికే పట్టుకుపోయినా పుణ్యముంటుంది."

గోనెసంచి అనగానే అధికారి గారు లేచి నిలబడ్డారు.

ఆ సంచిలో ఉన్నవి కంటి ఆపరేషన్ల శిబిరం బ్యాడ్జీలు. రెండు నెలల కిందట ఊళ్లో ఎవరో ధర్మాత్ములు ముసలివాళ్లకు ఉచితంగా శుక్లాలు తీయించారు. ఏ కంటికి చేయాలో డాక్టర్లు పొరబడకుండా గుండ్రటి బ్యాడ్జీలు కొట్టించారు: నీలం రంగుది 'కుడి కన్ను', ఎర్రది 'ఎడమ కన్ను'. మధ్యలో పెద్ద కన్ను బొమ్మ, కింద నంబరు. రెండు వేలు కొట్టిస్తే ఆరువందల మందే వచ్చారు. మిగతావి సంచిలో పడ్డాయి.

"అందరి గుండెల మీదా కన్నుంటే బాగోదేమోనండీ," అన్నాడు దానియేలు, ఇరుక్కున్నానని తెలిసి.

"భద్రతకు కన్నును మించిన చిహ్నమేమున్నదయ్యా? పైగా ఎవరు ఎటునుంచి రావాలో దీని మీదే ఉన్నది చూడు. కుడి కన్ను ధరించినవారు స్టేజీకి కుడి పక్క నుంచి మాత్రమే ప్రవేశించి, కుడి పక్కకే నిష్క్రమించవలెను. ఎడమ కన్ను, ఎడమ పక్క. ఇంత దూరదృష్టి ఇత్తడిలో ఉన్నదా?"

ఇత్తడిలో లేదని జాలయ్యే ముందు తలూపాడు. ఫైలు పైకి పోవాలి మరి.

అక్కడితో ఆగితే బాగుండేది. బ్యాడ్జీల పంపకానికి అధికారి గారు నాటకం కరపత్రం ముందు పెట్టుకుని, పాత్రకొకటి చొప్పున టిక్కులు పెట్టారు. మంత్రి ఒకటి. సేనాపతి ఒకటి. రాణి ఒకటి. ధర్మకేతు మహారాజు ఒకటి.

జాలయ్య నోరు మళ్లీ తెరుచుకుంది. "అయ్యా, రాజు వేషం ముగ్గురు వేస్తారండి."

అది ఆ వైపు పద్యనాటకాల్లో మామూలే. పెద్ద వేషాన్ని ఒక్కడే మొదట్నుంచి చివరిదాకా లాగితే గొంతు పోతుంది. అందుకని ఒకటో రాజు, రెండో రాజు, మూడో రాజు అని సీన్లు పంచుకుంటారు. జనం కూడా ఎవరి రాగం ఎంత దూరం పోయిందో తూచడానికే వస్తారు. ఈసారి మూడో రాజు షేక్ సుభానీ. పగలు బస్టాండు దగ్గర గొడుగులు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల నాలుగు తాలూకాల్లో ఆ వేషానికి అతని తర్వాతే ఎవరైనా. వెనక గుమ్మం దగ్గర జాలయ్య బీడీలో సగం పంచుకునే మనిషి కూడా.

"ఒక రాజ్యానికి రాజులెందరు?" అన్నారు అధికారి గారు.

"ఒక్కడేనండి."

"ఒక్క రాజుకు మూడు బ్యాడ్జీలు జారీ చేసితిమా, రేపు ఆడిట్‌లో ఇద్దరు దొంగరాజులని రాస్తారు. ఒకరు దిగి వచ్చాక బ్యాడ్జీ నీకు అప్పగించాలి. నువ్వు తదుపరి రాజుకు తగిలించాలి. అప్పటివరకు తదుపరి రాజు గుమ్మం బయటే ఉండవలెను."

మహారాజుకు ఎడమ కన్ను 701 వచ్చింది. జాలయ్యకు ఎడమ కన్ను 714. పిన్నీసుతో చొక్కాకు గుచ్చుకుని ఇంటికి పోతుంటే వీధిలో ముగ్గురు ఆపి ఆపరేషన్ ఎప్పుడయిందని పరామర్శించారు. నాలుగోవాడు అడగలేదు, చెయ్యి పట్టుకుని కాలువ దాటించాడు.

పోటీల రోజు పొద్దున పదింటికి ధర్మకేతు మహారాజు నాటకం మొదలైంది. గుమ్మం పక్కన గోడకి సర్క్యులర్ అంటించారు. 'బ్యాడ్జీ లేని వారిని ఎంతటివారినైనను అనుమతించరాదు. బ్యాడ్జీ కలవారిని ఏ కారణముచేతను నిరోధించరాదు.' అధికారి గారు స్టేజీ పక్కన తెర చాటున కుర్చీ వేయించుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, వచ్చేపోయే నంబర్లు రాసుకోసాగారు. మొహాలు చూడ్డం లేదు. మొహాలకి రంగు పూస్తారు, నంబరుకి పూయరు అని ఆయన వాదం.

ఒకటో రాజు సీన్లు బాగానే గడిచాయి. రాణికి కుడి కన్ను, రాజుకి ఎడమ కన్ను పడ్డంతో, చేయీ చేయీ పట్టుకుని ఉద్యానవనానికి పోవాల్సిన ఇద్దరూ స్టేజీ మధ్యలో చేతులు వదిలేసి, ఒకరికొకరు దండం పెట్టుకుని చెరో పక్కకీ పోయారు. న్యాయనిర్ణేతలు దాన్ని కొత్త ప్రయోగంగా రాసుకున్నారట.

పదిన్నరకి గుమ్మం దగ్గరికి నల్ల కళ్లద్దాలతో ఒక ముసలామె వచ్చింది. పేరు ఆదెమ్మ. రొమ్ము మీద నీలం బ్యాడ్జీ, కుడి కన్ను 46.

"అబ్బాయ్, కళ్లజోళ్లిచ్చేది ఇక్కడేనా?"

"ఇక్కడ నాటకం అవ్వా. కళ్లజోళ్లు లేవు."

"ఏం లేవు? లోపలికి పోయేవాళ్లందరికీ కన్ను బిళ్ల ఉండాలని ఊరంతా చెప్పుకుంటుంటేనూ! బిళ్ల పారెయ్యొద్దు, జోళ్లిచ్చేటప్పుడు చూపించాలని ఆ డాక్టరమ్మ చెప్పింది. ఇదిగో బిళ్ల. నీక్కూడా ఉందిగా? నీకు చెయ్యడం కుదిరినట్టు లేదు, సరిగ్గా చూస్తున్నట్టు లేవు."

జాలయ్య సర్క్యులర్ వంక చూశాడు. ఏ కారణముచేతను. పరుగున పోయి తెర చాటున అధికారి గారికి చెవిలో చెప్పాడు. "ఎవరో ముసలామండీ, నాటకం మనిషి కాదు."

"బ్యాడ్జీ ఉన్నదా?"

"ఉందండి."

"అప్పుడు నాటకం మనిషే."

ఆదెమ్మ లోపలికి పోయింది. ఆమె వెనక ఇద్దరు. వాళ్ల వెనక ఆరుగురు. లోపలికి పంపిస్తున్నారని కబురు ఎంత తొందరగా పాకిందంటే, పదకొండింటికల్లా ఎడమ పక్క తెర వెనకాల అరవై మంది దాకా ముసలాళ్లు, ముసలమ్మలు కిరీటాల పెట్టెల మీదా రాజసింహాసనం మీదా సర్దుకుని కూర్చున్నారు. జాలయ్య ప్రతి ఒక్కరి నంబరూ రిజిస్టర్లో ఎక్కించాడు. అందరికీ బ్యాడ్జీలున్నాయి. అనధికార ప్రవేశం సున్నా. తన కొలువుకు ఇంత చక్కగా ఏనాడూ న్యాయం చేయలేదని అతనికి అనిపించింది, ఏడుపు కూడా వచ్చింది.

అప్పుడే రెండో రాజు తన ఆఖరి పద్యం ముగించి స్టేజీ దిగాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు వెంకటాద్రి. దిగిన మనిషి గుమ్మం దాకా వచ్చి బ్యాడ్జీ ఇవ్వాలి. రాలేకపోయాడు. కిరీటంతో, గదతో, గుండె మీద కన్నుతో వెలుతురులోంచి నడిచొచ్చిన మనిషిని చూసి ఆదెమ్మ చటుక్కున లేచింది.

"పెద్ద డాక్టరు గారొచ్చారర్రా!"

అరవై మందీ చుట్టుముట్టారు. నీళ్లు కారుతున్నాయని ఒకరు, రెండు దీపాలు కనిపిస్తున్నాయని ఒకరు. ఒకాయన రాజుగారి ఉత్తరీయం పట్టుకుని చుక్కల మందు ఎన్నాళ్లు వేసుకోవాలో చెప్పందే వదలనన్నాడు.

"నేను రాజునయ్యా బాబూ! వదలండి, జరగండి ముందుకి, లోపలికి జరగండి!" అంటున్నాడు వెంకటాద్రి, పాత ఉద్యోగం నోటికొచ్చి. వాళ్లు నిజంగానే లోపలికి జరిగి ఇంకా బిగించారు.

స్టేజీ ఖాళీ. హార్మోనియం ఆయన మూడో రాజు రాకకు వాయించాల్సిన శ్రుతి వాయిస్తూనే ఉన్నాడు. మూడు నిమిషాలు స్టేజీ ఖాళీగా ఉంటే ఆ నాటకాన్ని పోటీలోంచి తీసేస్తారు. హాల్లో ఈలలు మొదలయ్యాయి.

గుమ్మం బయట షేక్ సుభానీ, నిలువెత్తు మహారాజు, ఎండలో చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"ఏందిరా జాలయ్యా, నా శ్రుతి వస్తోంది. దారి వదులు."

"బ్యాడ్జీ లేదు భాయ్. అదిగో, ముప్పై అడుగుల దూరంలో వెంకటాద్రి గుండె మీదుంది."

"నేనెవరో నీకు తెలీదా?"

"తెలియడంతో పనైతే ఇంత గోలెందుకు?"

సుభానీ అరవలేదు. మీసం సర్దుకున్నాడు. "నీ ఫైలు పోతుందంటే రానులే. ఇరవై రెండేళ్లు చూశావు, నేను ఒక్క నాటకం పోగొట్టుకుంటే చావను." అని గుమ్మం మెట్టు మీద కూర్చోబోయాడు. కిరీటం గోడకు తగిలి పక్కకి ఒరిగింది.

జాలయ్యకు అన్నిటికంటే చిరాకు అదే: ఎదుటివాడు మంచివాడైపోవడం. తిట్టి ఉంటే హాయిగా రూలు చెప్పి తలుపేసుకునేవాడు. హార్మోనియం ఆయన నాలుగోసారి మొదటికొచ్చాడు. జాలయ్య తన పిన్నీసు ఊడదీశాడు. వేలికి గుచ్చుకుంది. రాజుగారి ముఖమల్ అంగీకి ఎడమ కన్ను 714 తగిలించాడు.

"పో. ఇప్పుడు నువ్వు బ్యాడ్జీ కలవాడివి, నిన్ను ఏ కారణముచేతనూ ఆపకూడదు."

"మరి నువ్వో?"

"నాకు లేదుగా. బయటికి పోతున్నా."

తను గుమ్మం దాటి బయటికొచ్చి, బయట్నుంచి తలుపు దగ్గరికి వేశాడు. బ్యాడ్జీ లేని మనిషిని లోపలికి రానివ్వకుండా తనకు తనే కాపలా కాశాడు.

లోపల సుభానీ గుమ్మంలోనే రాగం ఎత్తుకున్నాడు. ఆ గొంతుకి ముసలాళ్లు పక్కకి తప్పుకున్నారు. అతను నడుస్తూ పాడుతూ, పాడుతూ స్టేజీ ఎక్కాడు. ఈలలు టక్కున ఆగాయి. తర్వాత నలభై నిమిషాలు ఏం జరిగిందో జాలయ్య చూడలేదు. తలుపు చెక్కకు చెవి ఆనించి విన్నాడంతే. రెండు పద్యాలకు వన్స్ మోర్ పడింది. లోపల ఆదెమ్మ, "డాక్టరు బాగా పాడతాడే," అనడం కూడా వినిపించింది.

మూడో రోజు మెమో వచ్చింది. జాలయ్య దాన్ని నాలుగుసార్లు చదివాడు. 'ఎడమ కన్ను నంబరు 714 ధరించిన కాపలాదారు అయిన తాము, విధి నిర్వహణ సమయమున స్థానమును వదలి, కిరీటము ధరించి, స్టేజీపై నలభై నిమిషములు పద్యములు ఆలపించి, రెండుసార్లు వన్స్ మోర్ స్వీకరించినట్లు రికార్డులవలన తేలినది. సంజాయిషీ దాఖలు చేయవలెను.'

అతని జన్మలో ఒక సర్కారు కాయితం అతన్ని ఇంత గొప్పగా తిట్టలేదు.

అది పట్టుకుపోయి చూపిస్తే సుభానీ వెంటనే చొక్కా వేసుకున్నాడు. "పద. పాడింది నేనేనని చెప్తా."

"చెప్తే నువ్వు బ్యాడ్జీ లేకుండా లోపలికొచ్చినట్టు. అనధికార ప్రవేశం ఒకటి. నా పని అయిపోతుంది. పాడింది నేనే అంటే, కాపలావాడు కాస్త పక్కకి పోయాడని తిట్టి వదిలేస్తారు. ఫైలుకి ఢోకా లేదు."

"నువ్వు పాడటమేందిరా!"

"నేను పాడానని రాసింది నేనా?"

ఇద్దరూ వెళ్లారు. సుభానీ వరండాలో ఆగాడు. జాలయ్య లోపలికి పోయి, తప్పయిపోయిందండీ, పాడింది నేనేనండీ, అన్నాడు. ఈసారి అనాల్సిన మాట అన్నాడు, ఏడాది ఆలస్యంగా.

సుధాకరమూర్తి గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఒప్పుకోలు చాలదు, నిర్ధారణ కావలెను. పాడు."

"ఇప్పుడాండీ?"

"బస్తా బరువు తూచకుండా రసీదు ఇవ్వలేము."

ఇరవై రెండేళ్లు గుమ్మం దగ్గర విన్న పద్యాలన్నీ జాలయ్యకు కంఠతా వచ్చు. చాన్సు దొరికితే సుభానీ ఏపాటి అని ఇంట్లో నీళ్లు పోసుకునేటప్పుడు చాలాసార్లు అనుకున్నాడు కూడా. ఇప్పుడు చాన్సు దొరికింది. నోరు తెరిచాడు. రాగం రేకు డబ్బాని సిమెంటు నేల మీద ఈడ్చినట్టు బయటికొచ్చింది. మాటలు అసలు రాలేదు. ఒక్క అక్షరం గుర్తులేదు. చేతిలో మెమో ఉంది. దిక్కుతోచక దాన్నే ఎత్తుకున్నాడు.

"స్థానమును వదలీ... ఈ... ఈ... కిరీటము ధరించీ... సంజాయిషీ దాఖలు చేయవలెనూ... ఊ... ఊ..."

పక్క గదిలో టైపు ఆగిపోయింది. వరండాలో సుభానీ రెండు చెవులూ మూసుకున్నాడు.

అధికారి గారు మాత్రం కళ్లు మూసుకుని విన్నారు. చివరి 'ఊ' కిటికీలోంచి వెళ్లిపోయాక మెల్లగా కళ్లు తెరిచారు. "ఆ సాహిత్యం..."

"తమదేనండి."

"ఊఁ. సాహిత్యం పటిష్టంగా ఉన్నది. గాత్రం ఆ రోజు ఇంతకంటే కొంచెం మెరుగనిపించింది. జలుబా?"

"జలుబేనండి."

ఆయన పెన్ను తీసి రాస్తూ పైకి చదివారు. "గాత్రము పరిశీలించితిని. జలుబు మినహా రికార్డుతో సరిపోయినది. నంబరు 714 లోపలనే యున్నందున అనధికార ప్రవేశము శూన్యము. ఫైలు సిఫారసుతో పైకి." కింద సంతకం చేసి, దాని మీద ముద్ర గుద్దారు.

జాలయ్య వరండాలోకి వచ్చేసరికి సుభానీ చెవుల మీంచి చేతులు తీస్తున్నాడు. మొహం చూస్తే ఇంట్లో దొంగలు పడ్డవాడిలా ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"ఉద్యోగం నిలబడింది భాయ్. పర్మినెంటుకి రాశాడు."

"మరి నా పాట?"

జాలయ్య నేల చూశాడు. "అది నా సర్వీసు రిజిస్టర్లో పడింది."

ముప్పై ఏళ్ల గొంతు ఆ పుస్తకంలో ఇందాక విన్న మోతగా నమోదైందని సుభానీకి తలకెక్కడానికి కాస్త టైము పట్టింది. మెట్ల మీద కూర్చున్నాడు. బీడీ తీశాడు, ముట్టించలేదు. చివరికి రెండుగా తుంచి సగం జాలయ్యకిచ్చాడు.

"పోనీలేరా. నా దగ్గరుంటే దానికేం వచ్చేది? నీ దగ్గరైతే ముసలితనంలో పింఛనన్నా వస్తుంది."